కొత్త పెట్టని మామిడి

నూకరత్నం మొక్కిన మొక్కులో తప్పేమీ లేదు. తప్పంతా ఆ మొక్కుకి ఆమె పెట్టుకున్న రోజులోనే ఉంది. ఆ సంగతి ఆమెకి తట్టేసరికి ఆ రోజు కాస్తా ముంచుకొచ్చేసింది.

కిందటి ఉగాదినాడు ఆమె విశాఖపట్నం పెద్దాసుపత్రిలో, మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది. మంచంమీద ఎనిమిదేళ్ల కూతురు బేబి. మలేరియా మెదడుకెక్కి పిల్ల కళ్లు తెరవడం లేదు. చుట్టుపక్కల మంచాలవాళ్లు పండగపూట కదా అని ఇంటినుంచి తెప్పించుకున్న ఉగాది పచ్చడి తలో చెంచా నోట్లో వేసుకుంటున్నారు. వాళ్లలో ఒక ముసలావిడ, సింహాద్రి అప్పన్నకి మొక్కుకోవమ్మా, ఈ చుట్టుపక్కల అందరికీ ఆయనే దిక్కు అంది. నూకరత్నం వెనకాముందూ చూసుకోలేదు. ఆ స్థితిలో ఎవరు చూసుకుంటారు? నా గుంట లేచి కూర్చుంటే మళ్లీ ఉగాదినాడు ఇంటిల్లిపాదీ నీ కొండకొచ్చి దాని తలనీలాలిచ్చుకుంటాం తండ్రీ అని చేతులు జోడించేసింది. సాయంత్రానికి బేబి కళ్లు తెరిచి మంచినీళ్లడిగింది. దేవుడు తనవంతు చేసేశాడు. ఇక మిగిలింది నూకరత్నం వంతు.

అప్పటినుంచి ఆమెకి ఒక అలవాటు పట్టుకుంది. బేబి పక్కనుంచి వెళితే చాలు, చెయ్యి దానంతటదే పోయి పిల్ల మెడకింద పడేది. ఒళ్లు చల్లగా ఉంటే ఊపిరి పీల్చుకునేది. ఎండలో ఆడి వచ్చి కాస్త వెచ్చగా తగిలిందా, ఇక ఆ పూట వంట ఉండదు. పిల్ల విసుక్కునేది, పంతులు నవ్వేవాడు, ఆమె మాత్రం మానలేదు.

పంతులంటే ఆమె భర్త ఫల్గుణ. జి.మాడుగుల నుంచి లోపలికి పోయే దారిలో, కాఫీ తోటల కింద ఉంది వాళ్ల ఊరు. ఫల్గుణ మండలంలో బడిపంతులు. మాఘమాసం వెళ్లిందో లేదో పాత క్యాలెండరు వెనకవైపు తిప్పి, బడి అట్లాసు ముందు పెట్టుకుని ఎర్ర పెన్నుతో దారులు గీయడం మొదలుపెట్టాడు. ఘాటీ రోడ్డు దిగి అంత దూరం పోయి ఒక్క దేవుణ్ణే చూసి వచ్చేస్తామా అన్నది ఆయన వాదన. ఉగాదినాడు సింహాచలం. రాత్రికి సత్రం. మర్నాడు అన్నవరంలో సత్యనారాయణస్వామి వ్రతం. అక్కడిదాకా వెళ్లాక పిఠాపురం ఎంత, సామర్లకోట ఎంత? తిరుగు దారి నర్సీపట్నం, చింతపల్లి మీదుగా. పొద్దు గూకేసరికి ఇంకో గుడి ఆ కాయితం మీదికెక్కేది. చివరికి ద్రాక్షారామం కూడా ఎక్కి కూర్చుంది.

బండి నూకరత్నం తమ్ముడు రవిబాబుది. కమాండర్ జీపు, సంతరోజుల్లో జనాన్ని లోపల కుక్కి, పైన కట్టి, వెనక వేలాడదీసి తిప్పుతాడు. అక్క మొక్కు కదా, డీజిలు పోయిస్తే చాలు బావా అన్నాడు.

నూకరత్నానికి మాత్రం ఆ క్యాలెండరు కాయితంలో ఒక్కో గీతకీ ఒక్కో భయం కనబడేది. ఘాటీ మలుపుల్లో బ్రేకులు పట్టకపోతే? బేబి వాంతి చేసుకుని నీరసపడితే? దారిలో పోలీసులు ఆపి, కొండమీదివాళ్లు కట్టగట్టుకుని ఎక్కడికి పోతున్నారని దింపేసి కూర్చోబెడితే? సత్రంలో దోమలు ఉండవా? ఆ దోమలు మంచివని ఎవరు చెప్పారు? ఫల్గుణ దగ్గర అన్నిటికీ జవాబు ఉండేది. బ్రేకులు కొత్తవి, నిమ్మకాయలు పట్టుకెళదాం, నా గుర్తింపు కార్డు ఉంది, దోమతెర మడిచి సంచిలో పెట్టు. మహా ఓపికమంతుడు, కాదనను. కానీ భయం అనేది జవాబులకి లొంగే సరుకైతే ఇంకేం కావాలి.

అసలు చిక్కు సంతలో బయటపడింది. ఆ వారం జి.మాడుగుల సంతలో కిందనుంచి వచ్చిన వర్తకుడొకడు గోనె పరిచి పచ్చి మామిడికాయలు పోశాడు. నూకరత్నం అలవాటుగా మొహం తిప్పుకుని నడిచింది. ఆ ఊళ్లలో కొత్త కాకముందు మామిడికాయ కంట పడితే ఎవరైనా చేసే పనే అది. నాలుగు అడుగులు వేశాక కొయ్యబారిపోయింది. ఉగాదినాడు గుళ్లో ఏమి పెడతారు? పచ్చడి. పచ్చట్లో ఏముంటుంది? ఆస్పత్రిలో పక్క మంచాలవాళ్ల గిన్నెల్లో వేపపువ్వు మధ్య ఆకుపచ్చగా తేలిన ముక్కలు ఆమెకి ఒక్కసారిగా కళ్లముందు కనబడ్డాయి.

కొత్త అంటే ఏమిటో చెప్పాలి. ఆ కొండల్లో ఏ పంటనైనా ముందు దేవతకి పెట్టాకే మనుషులు నోట పెట్టాలి. చిక్కుడికి కొత్త, కొర్రలకి కొత్త, మామిడికి కొత్త. అన్నిట్లోకీ గట్టిది మామిడిది. ఉగాది వెళ్లి, కాయలో టెంక కట్టాక, ఊరి దిసారి మంచిరోజు చూసి శంకుదేవుడి దగ్గర, అంటే ఊరి దేవత కొలువున్న రాళ్ల దగ్గర, మొదటి కాయ కోసి పెడతాడు. పండగల రోజులు, ముహూర్తాలు చెప్పే పెద్దని అక్కడ దిసారి అంటారు. దేవత తర్వాత మొదటి ముక్క దిసారి నోట్లో పడాలి, ఆ తర్వాతే ఊరు తింటుంది. ఈలోగా ఎవరైనా తప్పి తింటే ఆ ఇంటి మొత్తానికి చుట్టుకుంటుంది, ముఖ్యంగా ఆ ఇంటి పిల్లలకి. అదే దిసారి తప్పితే ఆ తప్పు అతనొక్కడిదే, ఊరికీ ఇంటికీ సంబంధం లేదు. కాకపోతే ముందే రుచి చూసిన చెయ్యి ఇక కొత్త పెట్టడానికి పనికిరాదు. కత్తి ఇంకొకరికి ఇచ్చెయ్యాలి.

ఇదంతా నమ్మకం అని మీరనొచ్చు. నూకరత్నానికి కనక అనే చెల్లెలుండేది. ఏడేళ్ల పిల్ల, గాలికి రాలిన పిందె ఏరుకుని కొరికింది, అక్క చూస్తుండగానే. వానలు పడకముందే జ్వరమొచ్చి పోయింది. మామిడికాయవల్లే అని ఎవరూ అనలేదు, కాదని కూడా ఎవరూ అనలేదు.

సంత నుంచి వచ్చాక ఆమె ఫల్గుణతో చెప్పింది. పచ్చట్లో ముక్క తీసేసి బెల్లం నాకితే సరి అన్నాడాయన. పులుసులో ఊరిన తర్వాత ముక్కేమిటి, బెల్లమేమిటి అంది ఆమె. అయితే ప్రసాదం దగ్గరికి పోవద్దు, పక్కనుంచి వచ్చేద్దాం అన్నాడు. అప్పన్న పిల్లని ఇస్తే తీసుకున్నాం, ప్రసాదం ఇస్తే వద్దంటామా అని ఆమె ఏడుపు. దేవుడు అర్థం చేసుకుంటాడే అన్నాడు పంతులు. అలా అర్థం చేసుకునే దేవుడైతే కనక ఏదీ అని ఆమె అడిగితే ఆయన లేచి క్యాలెండరు కాయితం సర్దుకున్నాడు. ఇంతకీ ఆ పంతులే, ఘాటీ కింద ఊళ్లో ట్రైనింగు చేసినన్నాళ్లూ వేసవి మొదట్లో మెస్సులో మామిడికాయ పప్పు పెట్టినరోజు ఉత్తి మజ్జిగన్నం తిని లేచేవాడట. ఎందుకని అడిగితే ఆ పప్పు పడదు అంటాడు తప్ప అసలు సంగతి ఒప్పుకోడు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆ ఊరి దిసారి వేరెవరో కాదు, ఫల్గుణ తండ్రి సోమన్న. ఆ ఇంట్లోనే, ఆ వాకిట్లోనే చుట్ట కాల్చుకుంటూ కూర్చుని ఉంటాడు. కానీ ఒకే ఇంట్లో ఉన్నా నూకరత్నం మామకి ఎదురుగా నిలబడి మాట్లాడిన రోజులు తక్కువ. కంచం పెట్టి పక్కకి తప్పుకునేది. ఏదైనా చెప్పాలంటే గుమ్మం లోపలినుంచి చెప్పేది. అయ్యా, నాన్నా అని పిలిచి చెయ్యి పట్టుకునే చనువు ఆ ఇంట్లో కోడళ్లకి లేదు. ఆరోజు మాత్రం గుమ్మం దాటి వచ్చింది.

"మావా, ఈ ఏడు కొత్త బేగి పెట్టీ. ఉగాదికి ముందే పెట్టీ."

సోమన్న చుట్ట పక్కన పెట్టాడు. పెరట్లో మామిడిచెట్టు కొమ్మ వంచి, పిందె ఒకటి గోటితో నొక్కి చూపించాడు. నీళ్లే తప్ప లోపల టెంక ఆనవాలు లేదు.

"సూసినావా? పాలు తాగే బిడ్డని అడవికి పంపినట్టుంటాది. నా సేతిలో నేదమ్మా."

 మొక్కు మార్చుకో అనలేదు, మానుకో అనలేదు, వెళ్లమనీ అనలేదు. మళ్లీ చుట్ట అందుకుని ఆ చెట్టుకిందే కూర్చున్నాడు. నూకరత్నం లోపలికొచ్చి పొయ్యి దగ్గర కూలబడింది. ఇంటిల్లిపాదీ అని మొక్కింది గానీ ఆయన రాడని ఆమెకి ముందే తెలుసు. మామిడి పూత పట్టాక కొత్త అయ్యేదాకా దిసారి ఘాటీ దిగకూడదు. అందుకని అప్పన్నకిచ్చిన మాటలో ఆ ఒక్క లోటు ముందునుంచీ ఉండనే ఉంది. ఇప్పుడు ఈ ప్రసాదం సంగతి రెండోది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో ఆమెకే తెలియాలి. పోకపోతే ఇచ్చిన పిల్లని అప్పన్న వెనక్కి తీసుకుంటాడు. పోతే కొండమీద దేవత ఊరుకోదు. ఎటు తిరిగినా బేబి మెడమీదికే వస్తోంది. పిల్ల పచ్చడి తనే మింగేస్తే అన్న ఆలోచన కూడా వచ్చింది. కానీ తల్లి తప్పినా పిల్లకే కదా చుట్టుకునేది. చివరికి బేబిని కూర్చోబెట్టి పాఠం నేర్పింది. గుళ్లో పిడికిలి బిగించి ఉంచు, ఎవరేమిచ్చినా చెయ్యి తెరవకు. బేబి బుద్ధిగా పిడికిలి బిగించి చూపించింది. అప్పుడు అడిగింది, అప్పన్నే ఇస్తేనో అని.  నూకరత్నం పిల్ల మెడకింద చెయ్యి పెట్టి చూసి, లేచి వెళ్లిపోయింది.

బయల్దేరే రోజు తెల్లవారుతూనే జీపు వాకిట్లోకొచ్చింది. దోమతెర, నిమ్మకాయలు, చోడి పిండి డబ్బా, ఫల్గుణ క్యాలెండరు కాయితం అన్నీ ఎక్కాయి. నూకరత్నం ఆఖరిసారి ఇల్లు చూసుకుని బయటికొచ్చేసరికి సోమన్న తమ్ముడి కొడుకు మల్లేశు పెరట్లో నిలబడి ఉన్నాడు. సోమన్న గుడ్డలో చుట్టిన కత్తి అతని చేతికిస్తున్నాడు. కొత్తనాడు కాయ కోసే కత్తి అది. ఇంటికి తాళం పెడుతున్నాం కదా, దాచమని ఇస్తున్నాడు కాబోలు అనుకుంది. తాళం పెట్టడం ఏమిటి, ఆయన ఇంట్లోనే ఉంటాడు కదా అన్నది ఆమెకి ఆ కంగారులో తట్టలేదు.

తట్టేలోపే సోమన్న ఉతికిన పంచె, భుజాన తువ్వాలుతో వచ్చి జీపు ముందుసీటులో కూర్చున్నాడు. రవిబాబు తాళం తిప్పబోయినవాడు ఆగిపోయాడు. ఫల్గుణ, నాన్నా నువ్వు ఘాటీ దిగకూడదు కదా అన్నాడు. ఇంటిల్లిపాదీ అని మొక్కింది గదా, బండి తియ్యండి అన్నాడు ముసలాయన.

 ఆయన కాపలాకి వస్తున్నాడనే నూకరత్నం అనుకుంది. గుళ్లో అందరిముందూ ప్రసాదం వద్దని కేకలేస్తాడు, పూజారులతో తగువు పెట్టుకుంటాడు, అప్పన్న వాకిట్లోనే అప్పన్నకి అవమానం జరుగుతుంది. పాడేరు దాటారు. ఘాటీలో మలుపు మలుపుకీ బేబి ఆమెమీద ఒరిగింది. బ్రేకులు శుభ్రంగా పట్టాయి, పోలీసులు ఆపి పంతులుగారి కార్డు చూసి వదిలేశారు, పిల్ల ఒక్క వాంతి కూడా చేసుకోలేదు. భయపడినవేవీ జరగనందుకు కూడా ఆమెకి భయమే వేసింది. అన్నీ కలిపి అక్కడే జరగబోతున్నాయేమో అనుకుంది.

సింహాచలం కొండమీద పండగ జనం కిటకిటలాడుతున్నారు. బేబి గుండు చేయించుకుని, నెత్తిమీద గంధం రాయించుకుని, తడుముకుంటూ నవ్వింది. దర్శనం అయింది. నూకరత్నం కళ్లు మూసుకుని ఏదో చెప్పుకోబోయింది గానీ, పిడికిలి, పిడికిలి అన్న మాట తప్ప ఏదీ రాలేదు. బయటికి వచ్చే దారి ఒక్కటే. ఆ దారికి అడ్డంగా ఒకాయన స్టీలు బకెట్టు పెట్టుకుని పచ్చడి పంచుతున్నాడు. పక్కనుంచి తప్పుకోవడానికి సందు లేదు, వెనకనుంచి జనం తోస్తున్నారు.

ముందు సోమన్న చెయ్యి చాపాడు. ఆ తర్వాత రవిబాబు, ఫల్గుణ. నూకరత్నం చెయ్యి ఆమెకి తెలియకుండానే సాగింది. బేబి మాత్రం చెప్పినట్టే పిడికిలి బిగించుకుని నిలబడింది. బకెట్టాయన నవ్వి, మొక్కు తీర్చుకున్న పిల్లవి, నీకు కాకపోతే ఇంకెవరికమ్మా అని ఆ చిన్న వేళ్లు మెల్లగా విప్పి, అరచేతిలో గరిటెడు పచ్చడి పోశాడు. వేపపువ్వు మధ్య ఆకుపచ్చ ముక్కలు. బేబి తలెత్తి తల్లిని చూసింది.

స్తంభం పక్కకి జరిగి నలుగురూ నాలుగు అరచేతులు పట్టుకుని నిలబడ్డారు. తినలేరు, పారబొయ్యలేరు. పులుసు వేళ్ల సందుల్లోంచి కారబోతోంది.  నూకరత్నానికి కనక గుర్తొచ్చింది. రాలిన పిందె కొరికి, పులుపుకి కళ్లు చికిలించి నవ్విన కనక. 

అప్పుడు సోమన్న ఇటు తిరిగాడు. ఆయన చెయ్యి ఖాళీగా ఉంది. పెదాలమీద వేపపువ్వు రేక ఒకటి అంటుకుని ఉంది. దోసిలి పట్టి బేబి ముందు వంగాడు.

"ఇలా ఎయ్యమ్మా."

బేబి ఒంపింది. ఆయన కళ్లు మూసుకుని ఒక్క గుటకలో మింగి, చేతులు కళ్లకద్దుకున్నాడు. రవిబాబు వైపు దోసిలి తిప్పాడు. ఆ తర్వాత ఫల్గుణ వైపు. అంత ముసలితనం వచ్చేదాకా కొత్త కాని మామిడి ఎరగని నోరు అది. పులుపుకి దవడలు పట్టేశాయి, కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. బకెట్టాయన, పెద్దాయనా ఒక్కొక్కరికీ ఒక్కసారే అని అక్కణ్ణుంచి కేకేశాడు. ఫల్గుణ ఒంపబోయి ఆగాడు.

"నాన్నా, మరి ఈ ఏడు కొత్త..."

"మల్లేశు పెడతాడు."

అప్పుడు తెలిసింది నూకరత్నానికి, పొద్దున్న ఆ కత్తి ఎందుకు చేతులు మారిందో. ఆయన కాపలాకి రాలేదు. ఇంటిదగ్గరే అంతా ఆలోచించుకుని, ఇవ్వవలసింది ఇచ్చేసి, ఖాళీ చేతులతో జీపెక్కాడు. ఫల్గుణ చెయ్యి కూడా ఖాళీ అయ్యాక దోసిలి ఆమె ముందుకొచ్చింది. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వొద్దు మావా. నీమీదికొచ్చేత్తది."

"వొత్తే నామీదికే గదా వొచ్చేది. ఆ తల్లికీ నాకూ ఉన్న లెక్క అది, మీకు సమ్మందం నేదు. దేవుడి పెసాదం కింద పడకూడదు, గుంట నోట పడకూడదు. ఒంపమ్మా."

ఆమె ఒంపింది. ఏడుస్తూనే ఒంపింది.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చాక, ఫల్గుణ క్యాలెండరు కాయితం మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. అన్నవరం, ద్రాక్షారామం వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడు.  జీపు ఘాటీ ఎక్కుతున్నంతసేపూ నూకరత్నం ముందుసీటులోని మామ మెడవంకే చూసింది. చెయ్యి సగం దాకా వెళ్లింది. మళ్లీ ఒళ్లో పెట్టేసుకుంది.

ఊరికి వెళ్లగానే సోమన్న పెద్దలని పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. కొందరు ముఖం తిప్పుకున్నారు. ఇన్నేళ్ల దిసారి, మనవరాలి కోసం కింద దేవుడి గుళ్లో నోరు తప్పాడు అని చాటుగా అనుకున్నారు. ఆయన తన చుట్ట తాను కాల్చుకున్నాడు. నూకరత్నం మాత్రం పొద్దున్నే లేచి ఆయన దగ్గు విన్నాకే పొయ్యి ముట్టించేది. ఆయనకి అన్నం సయించకపోయినా, ఎండలో కునికినా ఆమె ప్రాణం పోయేది.

కాయల్లో టెంకలు కట్టాయి. కొత్త రోజు వచ్చింది. శంకుదేవుడి దగ్గర ఊరంతా చేరింది. మల్లేశు మొదటి కాయ కోశాడు, దేవతకి పెట్టాడు, తను నోట్లో వేసుకున్నాడు. సోమన్న పెద్దల వరసలో లేడు. వెనకెక్కడో, ఆడవాళ్లూ పిల్లలూ నిలబడేచోట, మొలకలొచ్చిన తలతో ఉన్న బేబి పక్కన నిలబడ్డాడు. మల్లేశు జనాన్ని తప్పించుకుంటూ నేరుగా ఆయన దగ్గరికే ముక్క పట్టుకొచ్చాడు. పెద్దలెవరూ అడ్డుచెప్పలేదు. సోమన్న పిడికిలి బిగించుకున్నాడు.

"నాది అయిపోనాది. నా ముక్క గుంటకియ్యి."

బేబి రెండు చేతుల్లో రెండు ముక్కలు పట్టుకుని, ఉప్పు అద్దుకుని, చప్పుడయ్యేలా కొరుకుతూ తాతకేసి చూసి నవ్వింది. నూకరత్నం చెయ్యి అలవాటుకొద్దీ లేచింది. ఈసారి పిల్ల మెడమీదికి పోలేదు. ఊరంతా చూస్తుండగా మామ నుదుటిమీద పడింది.

సోమన్న ఉలిక్కిపడ్డాడు గానీ కదల్లేదు.

"ఏటమ్మా?"

"ఏటీ నేదు మావా," అంది, చెయ్యి తియ్యకుండానే. "సల్లగానే ఉన్నావు."